కుర్చీలాటలో మన జట్టు

2025 అక్టోబర్‌లో హైదరాబాద్ ఫుట్‌బాల్ జట్టు ఢిల్లీకి మకాం మార్చింది. పేరు కూడా మార్చుకుంది. నిన్నటిదాకా హైదరాబాద్ ఎఫ్‌సీ, ఇప్పుడు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఒకసారి చాంపియన్‌గా నిలిచిన జట్టు, అద్దె ఇల్లు ఖాళీ చేసినంత నిమ్మళంగా పోయింది. ధర్నా లేదు, రాస్తారోకో లేదు. మా పటాన్‌చెరులో అయితే చాలామందికి అది పోయిన సంగతే తెలీదు. కొందరికి అది వచ్చిన సంగతి కూడా తెలీదు.

తెలిసిన కొద్దిమందిలో నేనొకణ్ణి. ముప్పై ఏళ్లు ఈ ఇండస్ట్రియల్ ఏరియాలోనే ఉద్యోగం చేశాను. అందులో మొదటి పదేళ్లు మా కంపెనీ ఫుట్‌బాల్ టీములో లెఫ్ట్ బ్యాక్ ఆడాను. రిటైరయ్యాక ఆదివారం పొద్దున్నే ఓ ఇరవై మంది పిల్లలను పోగేసి బంతి తన్నిస్తుంటాను. కాబట్టి ఆ వార్త నాకు కాస్త గట్టిగానే తగిలింది.

ఆ వారమే మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. సదాశివపేట పిల్లాడు. ఇక్కడే ఇంజినీరింగ్ చదివి, ఎమ్మెస్ చేయడానికి అమెరికా పోయి, టెంపీలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో చేరాడు. మాటల్లో నేను మన జట్టు సంగతి చెప్పి నిట్టూరిస్తే వాడు తేలిగ్గా తీసిపారేశాడు.

“గిదేం పెద్ద ముచ్చట మామా! ఈడ పన్నెండు కాలేజీల లీగుల పది కాలేజీలు లేచిపోయినయ్. మా కాలేజీ గూడ అండ్లనే ఉండె.”

“కాలేజీలు లేచిపోవుడేందిరా?” అన్నాను.

గంటసేపు చెప్పాడు. ఆ తర్వాత నేనూ దాని వెంటపడి చదివాను. చదివిన కొద్దీ అది అమెరికా కథలా కాక గచ్చిబౌలి కథలా, ఇంకొంచెం లోపలికి పోతే మా పాశమైలారం కథలా కనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

పసిఫిక్ కాలేజీ, అట్లాంటిక్ లీగు

ముందు ఒక మాట. అమెరికావాళ్లు ఫుట్‌బాల్ అనేది మన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో బంతి, తలకు హెల్మెట్, భుజాలకు గట్టి ప్యాడ్లు. కాలితో తన్నేది తక్కువ, చంకన పెట్టుకుని ఉరికేది ఎక్కువ. ఆ ఆటను కాలేజీ పిల్లలు ఆడుతుంటే చూడటానికి వచ్చే జనం మాత్రం మామూలుగా ఉండరు. మిషిగన్ యూనివర్సిటీ సొంత స్టేడియంలో లక్షా ఏడు వేల మంది కూర్చోవచ్చు. మన గచ్చిబౌలి స్టేడియాలు మూడు కలిపినా అన్ని సీట్లు రావు. అది దేశం స్టేడియం కాదు, రాష్ట్రం స్టేడియం కాదు, ఒక కాలేజీది!

ఈ కాలేజీలు దగ్గరదగ్గర ఊళ్లవి కలిసి సంఘాలుగా ఏర్పడ్డాయి. వాటిని కాన్ఫరెన్సులంటారు. మన లెక్కలో జోన్ అనుకోండి. పసిఫిక్ తీరం కాలేజీలది ఒకటి, మధ్య రాష్ట్రాలవి ఒకటి, దక్షిణాదివి ఒకటి. పక్క ఊరి కాలేజీతో ఏటా మ్యాచ్, ఏటా పగ, ఏటా బస్సులు కట్టుకుని పోవడం. తాతలు ఆడిన మ్యాచ్ మనవలూ ఆడతారు. సంగారెడ్డికీ సిద్దిపేటకీ మధ్య వందేళ్లుగా ప్రతి దసరాకి ఒక మ్యాచ్ జరుగుతోందనుకోండి, అలాంటిది.

టీవీ వచ్చాక ఇది చెదిరింది. మొదట్లో ఏ కాలేజీ మ్యాచ్ ఎన్నిసార్లు టీవీలో రావాలో ఎన్‌సీఏఏ అనే జాతీయ సంఘం నిర్ణయించేది. ఓక్లహామా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెక్కాయి. 1984లో అమెరికా సుప్రీం కోర్టు ఆ గుత్తాధిపత్యం చెల్లదంది. ఇక ఎవరి మ్యాచ్‌లు వాళ్లు అమ్ముకోవచ్చు. అమ్ముకునేటప్పుడు ఎవరి పక్కన నిలబడితే ధర ఎక్కువ వస్తుందన్న లెక్క మొదలైంది. పక్క ఊరి కాలేజీకన్నా పెద్ద టీవీ మార్కెట్ ఉన్న దూరపు కాలేజీ ముద్దొచ్చింది.

ఆ లెక్క ముదిరి 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్‌లోని రెండు పెద్ద యూనివర్సిటీలు యూఎస్‌సీ, యూసీఎల్ఏ తమ పసిఫిక్ లీగు వదిలి బిగ్ టెన్‌లో చేరుతున్నట్టు ప్రకటించాయి. బిగ్ టెన్ అంటే మిషిగన్, ఒహాయో వైపు కాలేజీల సంఘం. మధ్యలో సగం అమెరికా ఉంది. అదే ఏడాది ఆగస్టులో బిగ్ టెన్ మూడు టీవీ నెట్‌వర్కులతో ఏడేళ్లకు దాదాపు 700 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. ఏడాదికి మన రూపాయల్లో ఎనిమిది వేల కోట్ల పైమాటే. దీని పక్కన ఇంకో అంకె పెడతాను చూడండి. 2010లో రిలయన్స్, ఐఎంజీ కలిసి మొత్తం భారత ఫుట్‌బాల్ మార్కెటింగ్ హక్కులు కొన్నాయి. పదిహేనేళ్లకు 700 కోట్ల రూపాయలు. మన దేశం ఫుట్‌బాల్ మొత్తం పదిహేనేళ్ల ధర, అక్కడి ఒక్క కాలేజీ లీగుకు నెలన్నర రాబడి కూడా కాదు.

మిగిలిన పసిఫిక్ కాలేజీలు తమకూ అలాంటి ఒప్పందం వస్తుందని ఏడాది పైగా ఎదురుచూశాయి. చివరికి ఆపిల్ స్ట్రీమింగ్ బేరం ఒకటి వచ్చింది, చందాదారులు పెరిగితేనే డబ్బు పెరిగే బేరం. నచ్చలేదు. 2023 జులైలో కొలరాడో పోయింది. ఆగస్టు 4న ఒక్కరోజే ఐదు పోయాయి. ఆరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌లోకి, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ ట్వెల్వ్‌లోకి. సెప్టెంబర్ 1న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ కూడా దారి చూసుకున్నాయి. ఎటు? అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్సులోకి! పసిఫిక్ సముద్రం ఒడ్డున ఉన్న కాలేజీలు అట్లాంటిక్ తీరం లీగులో ఆడతాయన్నమాట. 1915 నాటి మూలాలున్న సంఘం, వేసవి సెలవులు అయ్యేలోపు రెండు కాలేజీల సంఘమైంది.

ఈ పేర్ల సంగతి కూడా చెప్పాలి. బిగ్ టెన్‌లో ఇప్పుడు 18 కాలేజీలున్నాయి. బిగ్ ట్వెల్వ్‌లో 16. లెక్కలు చెప్పే యూనివర్సిటీలే!

మా వాడి కాలేజీ మాత్రం నష్టపోలేదు. 2024లో కొత్త లీగులో అడుగుపెట్టినప్పుడు అందరూ అరిజోనా స్టేట్ ఆఖరి స్థానంలో ఉంటుందన్నారు. అది ఏకంగా టైటిల్ కొట్టింది. “ఆ రాత్రి మస్తు జరిగింది మామా, అర్థం కాకపోయినా నేనూ ఎగిరిన” అన్నాడు. ఎగరనీ. గెలిచినప్పుడు ఎగరకపోతే ఇంకెప్పుడు ఎగురుతారు. నాకు మాత్రం ఆ మిగిలిపోయిన రెండు కాలేజీల మీదికి మనసు పోయింది. ఒకటి ఆరెగాన్ స్టేట్. రెండోది వాషింగ్టన్ స్టేట్, పుల్‌మన్ అనే చిన్న ఊళ్లో ఉంది. చుట్టూ గోధుమ పొలాలు. మా పటాన్‌చెరువాళ్లం ఇక్రిశాట్ పక్కన బతికినవాళ్లం కాబట్టి ఇంకో ముక్క చెప్పకుండా ఉండలేను. హరిత విప్లవం తెచ్చిన పొట్టి గోధుమ రకాల వెనక ఉన్న వంగడాల పని ఈ పుల్‌మన్‌లోనే జరిగింది. ఆర్విల్ వోగెల్ అనే శాస్త్రవేత్త అక్కడ పెంచిన విత్తనాలు నార్మన్ బోర్లాగ్‌కు పంపాడు. ప్రపంచానికి తిండి పెట్టడంలో పాలున్న ఊరు. టీవీవాళ్ల లెక్కలో మాత్రం అక్కడ ఇళ్లు తక్కువ, అందుకని విలువ తక్కువ.

ఆ రెండూ కోర్టుకు పోయి, పాత సంఘం పేరు మీదా ఆస్తుల మీదా హక్కు దక్కించుకున్నాయి. కొత్త కాలేజీలను కలుపుకుని లీగును మళ్లీ కట్టుకునే పనిలో పడ్డాయి. కానీ వందేళ్ల పక్కింటి పగలు మునుపటిలా ఎక్కడివి?

విద్యార్థి అని ఎందుకన్నారు?

ఇన్ని డబ్బులు చేతులు మారుతుంటే ఆడే పిల్లలకు ఏమిచ్చారు? చాలాకాలం ఫీజు, హాస్టలు, తిండి. అంతే. కోచ్‌లకు మాత్రం కోట్లు. 2023 నవంబర్‌లో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ తన కోచ్ జింబో ఫిషర్‌ను తీసేసింది. ఒప్పందం ప్రకారం, ఇక పని చేయవద్దన్నందుకే, ఆయనకు ఏడున్నర కోట్ల డాలర్లకు పైగా ఇవ్వాల్సి వచ్చింది. ఆరువందల కోట్ల రూపాయలు! మా దగ్గర వీఆర్ఎస్ తీసుకున్నవాళ్లు ఇది చదివితే గుండె పట్టుకుంటారు.

ఆటగాళ్లకు జీతం ఎందుకివ్వలేదంటే వాళ్లు ‘స్టూడెంట్ అథ్లెట్లు’ అన్నారు. ఈ మాట ఎట్లా పుట్టిందో చదివినప్పుడు నేను పేపరు పక్కన పెట్టి కాసేపు అటూ ఇటూ తిరిగాను. 1955లో కొలరాడోలో ఫోర్ట్ లూయిస్ కాలేజీ తరఫున ఆడుతూ రే డెనిసన్ అనే ఆటగాడు తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. అతని భార్య కార్మికులకిచ్చే నష్టపరిహారం అడిగింది. మా ఆయన కాలేజీ కోసం ఆడుతూ పోయాడు, అది పని కాదా అన్నది ఆమె వాదన. 1957లో కొలరాడో సుప్రీం కోర్టు కుదరదంది. కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారంలో లేదు కాబట్టి ఇది ఉద్యోగం కాదంది. ఆ రోజుల్లోనే ఎన్‌సీఏఏ పెద్ద వాల్టర్ బైయర్స్, ఇలాంటి కేసుల భయంతోనే ‘స్టూడెంట్ అథ్లెట్’ అన్న మాటను తయారుచేసి కాలేజీలన్నిటి చేతా వాడించాడు. తర్వాత 1995లో రాసిన పుస్తకంలో ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నాడు.

మా ఏరియాలో పనిచేసిన ఎవరికైనా ఇది వేరే చెప్పక్కర్లేదు. ట్రైనీ అంటారు, హెల్పర్ అంటారు, క్యాజువల్ అంటారు. గేటు లోపల పని ఒకటే, రాసుకునే రిజిస్టరు వేరు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచీ ఫ్యాక్టరీ పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు ఎందరో. ఆ పొద్దున లోపల ఎంతమంది ఉన్నారన్న లెక్క తేలడానికి రోజులు పట్టింది. ఎవరి శరీరం ఎవరిదో డీఎన్ఏ పరీక్షలతో చెప్పాల్సి వచ్చింది. అట్లాంటప్పుడు తెలుస్తుంది, మనిషిని ఏ పేరుతో పిలిచారన్నది ఎంత పెద్ద సంగతో.

అమెరికాలో అది మారింది. 2021లో సుప్రీం కోర్టు ఆల్‌స్టన్ కేసులో తొమ్మిదికి తొమ్మిది మంది జడ్జీలూ ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. కొద్దిరోజులకే, జులై 1 నుంచి, ఆటగాళ్లు తమ పేరు, ముఖం అమ్ముకుని ప్రకటనల్లో సంపాదించుకోవచ్చన్నారు. ఇష్టమైన కాలేజీకి మారే స్వేచ్ఛా వచ్చింది. 2025 జూన్ 6న హౌస్ కేసులో రాజీకి కోర్టు ఆమోదం దొరికింది. పాత ఆటగాళ్లకు 280 కోట్ల డాలర్ల బకాయిలు, ఇప్పటివాళ్లకు ఒక్కో కాలేజీ మొదటి ఏడాది రెండు కోట్ల ఐదు లక్షల డాలర్ల దాకా నేరుగా పంచవచ్చు. “డబ్బు వచ్చి ఆట చెడింది” అని అక్కడి పెద్దవాళ్లు వాపోతుంటారు. నేను ఒప్పుకోను. డబ్బు ఎప్పుడో వచ్చింది. ఆడేవాడి చేతికి ఇప్పుడొచ్చింది, అంతే తేడా. నా కంప్లయింటు అది కాదు. ఊరుకు చెప్పకుండా ఊరి జట్టును అమ్ముకోవడం గురించే.

పుణె ఏడ్చింది, మనం నవ్వాం

ఇక మన దగ్గరికి వస్తాను. ఇక్కడ కాలేజీలు లేచిపోలేదు, క్లబ్బులు లేచిపోయాయి. తంతు మాత్రం అదే.

ఇండియన్ సూపర్ లీగ్ 2014లో మొదలైనప్పుడు హైదరాబాద్‌కు జట్టు లేదు. పుణెకు ఉంది. పుణె యజమానులకు డబ్బు ఇబ్బందులొచ్చి చేతులెత్తేశారు. 2019 ఆగస్టులో ఆ స్థానాన్ని విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని తీసుకుని హైదరాబాద్ ఎఫ్‌సీ పెట్టారు. మనకు పండగ. పుణెలో జెండాలు కుట్టించుకున్న కుర్రాళ్లకు ఏమైందో మనలో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అదే నెలలో ఢిల్లీ డైనమోస్ అనే జట్టు భువనేశ్వర్ పోయి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అంటే ఢిల్లీ జట్టు ఒడిశాకు, పుణె జట్టు హైదరాబాద్‌కు, ఆరేళ్లకు హైదరాబాద్ జట్టు ఢిల్లీకి. చిన్నప్పుడు బడిలో పాట ఆపగానే కుర్చీ కోసం ఉరికే ఆట ఆడేవాళ్లం కదా, అదే.

నడుమ ఒక్కటి మాత్రం నిజంగా మనకు దక్కింది. 2022 మార్చి 20. గోవాలో ఫైనల్. కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిపారు, మన జట్టు మన ఊళ్లో ఒక్క మ్యాచ్ ఆడకుండానే ఫైనల్‌కు వచ్చింది. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్, స్టేడియం అంతా పచ్చటి పసుపు. మనవాళ్లు గోల్ వెనకబడ్డారు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన వాలీ లోపల పడింది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1. నేను మా ఇంట్లో సోఫా మీంచి లేచి అరిస్తే మా ఆవిడ “ఏమైంది, బీపీ గోలీ వేసుకున్నవా?” అని పరుగెత్తుకొచ్చింది. కోచ్ మానోలో మార్కెస్, ఆ సీజన్లో 18 గోల్స్ కొట్టిన ఒగ్‌బెచే, వీళ్ల పేర్లు మా పిల్లలకు నోటికొచ్చు.

ఆ మరుసటి ఏడాది మన జట్టు లీగులో రెండో స్థానం. గచ్చిబౌలి మనకు దగ్గరే, లింగంపల్లి దాటితే వచ్చేసినట్టు. అప్పట్లో పిల్లలను తీసుకుని పోయేవాణ్ణి. 2023-24 వచ్చేసరికి జీతాలు అందడం లేదన్న వార్తలు, ఫిఫా నిషేధం, విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోవడం. తంగ్‌బోయ్ సింగ్తో అనే కోచ్ కుర్రాళ్లతో నెట్టుకొచ్చాడు. సీజన్ మొత్తంలో ఒక్క గెలుపు. 2024లో బీసీ జిందాల్ గ్రూపు కొనుక్కుంది. మరుసటి ఏడాది పదమూడు జట్లలో పన్నెండో స్థానం. ఆ తర్వాత ఢిల్లీ. అదే 2025 జులైలో, నేను పైన చెప్పిన పదిహేనేళ్ల ఒప్పందం గడువు దగ్గరపడి కొత్తది కుదరక, లీగునే ఆపేశారు. కుర్చీలే కాదు, పాట పెట్టేవాడు కూడా వెళ్లిపోయాడు.

మనకు ఇది కొత్త కాదనుకోండి. 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ చార్జర్స్ 2012లో మాయమైంది. దాని స్థానంలో సన్‌రైజర్స్ వచ్చింది కాబట్టి ఎవరూ పెద్దగా బాధపడలేదు. క్రికెట్‌కు కొనేవాడు ఎప్పుడూ ఉంటాడు. ఫుట్‌బాల్‌కు శ్రీనిధి దక్కన్ ఉంది. విశాఖపట్నం పేరు మీద అనుమతి తెచ్చుకుని హైదరాబాద్‌లో ఆడుతోంది. ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 వరసగా రెండుసార్లు రెండో స్థానంలో నిలిచింది. దాని వెనక ఉన్నది ఒక విద్యాసంస్థల గ్రూపు. అమెరికాలో కాలేజీకి జట్టు ఉంటుంది, మన దగ్గర కాలేజీల యజమానికి జట్టు ఉంది.

కాలేజీ జట్ల మాటకొస్తే, మా సంగారెడ్డి జిల్లా డిగ్రీ కాలేజీ పిల్లాడు బాగా ఆడితే ఉస్మానియా ఇంటర్ కాలేజ్ టోర్నమెంటు, అందులో మెరిస్తే యూనివర్సిటీ జట్టు, ఆపై సౌత్ జోన్ అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు. జోన్లు ఇంకా మ్యాపు ప్రకారమే ఉన్నాయి. టీవీ లేదు కాబట్టి ఎవరూ ఎటూ లేచిపోలేదు. పేదరికంలో ఇదో సుఖం. అయితే గాలి మారుతోంది. ఉత్తరాది ప్రైవేటు యూనివర్సిటీలు క్రీడాకారులకు ఫీజు మాఫీ చేసి, హాస్టలిచ్చి తీసుకుపోతున్నాయి. నీరజ్ చోప్రా లవ్లీ ప్రొఫెషనల్ యూనివర్సిటీ విద్యార్థి. 2024 జాతీయ క్రీడా పురస్కారాల్లో అంతర్ విశ్వవిద్యాలయ మౌలానా ఆజాద్ ట్రోఫీ చండీగఢ్ యూనివర్సిటీకి వెళ్లింది, అది ప్రైవేటుదే. పతకం తెచ్చినవాడి ఫొటో అడ్మిషన్ల ప్రకటనలో ఉంటుంది. మనకిది వింత కాదు. ర్యాంకు కొట్టే పిల్లాణ్ణి ఫ్రీ సీటిచ్చి ఎత్తుకుపోయి, రిజల్ట్స్ రోజున పేపరు మొదటి పేజీ నిండా ఫొటోలు వేసుకోవడం ఇంటర్ కాలేజీల దగ్గర ఎప్పటినుంచో చూస్తున్నాం. ఒకే పిల్లాడు రెండు ప్రకటనల్లో నవ్వడం కూడా చూశాం.

పాత వలస

జట్టు పోవడం కొత్తేమో గానీ, ఆటగాడు పోవడం హైదరాబాద్‌కు డెబ్బై ఏళ్ల పాతది. ఒకప్పుడు దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా తర్వాత హైదరాబాదే. బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆయనే భారత జట్టు కోచ్‌గా 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానంలో నిలిచినప్పుడు జట్టులో అరడజనుకు పైగా హైదరాబాదీలే. 2024లో అజయ్ దేవ్‌గణ్ ‘మైదాన్’ సినిమా చూసినవాళ్లకు ఈ పేరు గుర్తుండే ఉంటుంది.

ఆ జట్టుకు సొమ్ము ఎక్కడిది? పోలీసు ఉద్యోగం. ఆటగాడికి నెల జీతం, రిటైరైతే పెన్షన్. అదే జట్టును నిలబెట్టింది. కలకత్తా క్లబ్బులు అంతకన్నా ఎక్కువ ఆశ చూపించాయి. సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లాడు తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు పోయి, అక్కడే స్థిరపడి, 2023లో అక్కడే కన్నుమూశాడు. మహమ్మద్ హబీబ్ 1966లో పోయాడు. 1977లో పెలే కాస్మోస్ జట్టు ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టింది మన హబీబే. ఇప్పుడు నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య, దేశం తరఫున ఆడే అమ్మాయి, గోకులం కేరళకు, ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. ఇక్కడ ఆ స్థాయి మహిళా క్లబ్బే లేకపోతే ఏం చేస్తుంది? వాళ్లెవరినీ నేను తప్పుపట్టను. మనిషికి కాళ్లున్నాయి, మంచి కూలి దొరికేచోటికి నడుస్తాడు. మా కాలనీల నిండా అట్లా నడిచొచ్చినవాళ్లే.

మా దగ్గర సిటీ పోలీస్ పాత్ర ఫ్యాక్టరీలు పోషించాయి. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. 1972లో ఇక్రిశాట్. 1980లో ఇందిరా గాంధీ మెదక్ ఎంపీ అయ్యాక పటాన్‌చెరు, బొల్లారం చుట్టూ కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ పెట్టారు. పర్మినెంటు ఉద్యోగులు వేలల్లో ఉన్న రోజులు. నేను చేరిన కంపెనీ పెద్దదేం కాదు. అయినా ఇంటర్వ్యూలో “ఏ పొజిషన్ ఆడతవ్?” అని అడిగారు. మ్యాచ్ రోజున రెండు గంటలు ముందు వదిలేవాళ్లు. ప్రాక్టీసయ్యాక ఉడకబెట్టిన గుడ్డు, గ్లాసు పాలు. ఆదివారం మ్యాచ్‌కు భార్యాపిల్లలొచ్చి గట్టు మీద కూర్చునేవాళ్లు. ప్లాంటు పేరు పెట్టి అరిచేవాళ్లు. మాకు అదే ఊరు, అదే కాన్ఫరెన్సు.

అది పోయిందని ఎవరూ ప్రకటించలేదు. రిటైరైనవాళ్ల స్థానాల్లో కాంట్రాక్టు మనుషులొచ్చారు. ఒకే షాపులో ముగ్గురు కాంట్రాక్టర్లు, మూడు షిఫ్టులు, ఆరు భాషలు. పదకొండు మంది ఒకే సాయంత్రం ఖాళీగా దొరకరు. దొరికినా ఎవరి జట్టు? కంపెనీదా, కాంట్రాక్టరుదా? ఒక ఏడాది బంతులకు, బూట్లకు ఇండెంటు పెడితే సంతకం కాలేదు. మరుసటి ఏడాది పెట్టేవాడు రిటైరయ్యాడు. గ్రౌండులో ట్యాంకర్లు నిలపడం మొదలైంది. మేమూ పెద్దగా కొట్లాడింది లేదు, బోనస్ కోసం కొట్లాడాం గానీ.

ఇప్పుడు నా దగ్గరికొచ్చే పిల్లల్లో సగం మంది తండ్రులు ఆ కాంట్రాక్టు మనుషులే. ఒడియా పిల్లలు, బిహారీ పిల్లలు, జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు నుంచి వచ్చిన పిల్లలు. బూట్లు లేకపోయినా బంతిని బాగా ఆపుతారు. 2024 డిసెంబర్‌లో సంతోష్ ట్రోఫీ చివరి దశ హైదరాబాద్‌లో జరిగింది. తెలంగాణ సొంతగడ్డ మీద గ్రూపు దశలోనే ఆగిపోయింది. 1956లో, 57లో హైదరాబాద్, 1965లో ఆంధ్రప్రదేశ్ గెలిచిన ట్రోఫీ అది. డిసెంబర్ 31 రాత్రి గచ్చిబౌలిలో ఫైనల్ బెంగాల్, కేరళ మధ్య. ఊరంతా న్యూ ఇయర్ బిర్యానీల హడావిడిలో ఉంటే నేను తొమ్మిది మంది పిల్లలను వెంటేసుకుని పోయాను. అదనపు సమయం నిమిషాల్లో రోబి హంస్దా కొట్టిన ఒక్క గోల్‌తో బెంగాల్ గెలిచింది.

మర్నాడు కాదు గానీ, ఆ నెలలోనే ఇంకో వార్త వచ్చింది. గెలిచిన జట్టు ఆటగాళ్లకు బెంగాల్ ప్రభుత్వం పోలీసు శాఖలో ఉద్యోగాలిచ్చింది. రహీం సాబ్ కాలంలో మనం చేసిన పనే. ఆదివారం గ్రౌండులో పిల్లలకు ఇది చెప్పాను. గోల్ ఎట్లా పడింది, డిఫెన్స్ ఎక్కడ తప్పింది అని మాట్లాడదామని నా ఆలోచన. వాళ్లు వినలేదు. మా గోల్‌కీపర్ పోరడు, ఎనిమిదో తరగతి, గ్లవ్స్ విప్పుకుంటూ దగ్గరికొచ్చాడు.

“సార్, పోలీస్ నౌకరికి ఎంత ఎత్తుండాలె?”

గేటు పక్కన గోడకు ఆనించి నిలబెట్టి సుద్దముక్కతో గీత గీశాను. మిగతా ఎనిమిది మంది వాడి వెనక లైను కట్టారు.